హైదరాబాదు కుక్కలు, క్లోరోఫాం, ఎవరూ చూడని మెదడు

కోఠీ అంటే మనకేం గుర్తొస్తుంది? సెకండ్ హ్యాండ్ పుస్తకాలు, రద్దీ, బస్సులు. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివిన ప్రతివాడూ అక్కడ ఎప్పుడో ఒకప్పుడు పుస్తకం కోసం బేరమాడినవాడే. కానీ 1889 చివర్లో లండన్ నించి ఎడిన్‌బరో దాకా డాక్టర్లందరూ ఈ ఊరి నించి వచ్చే టెలిగ్రాం కోసం ఎదురు చూశారంటే నమ్ముతారా? నేను మొదట నమ్మలేదు. తర్వాత చదువుతూ పోతే అది నిజమని తేలింది. పైగా ప్రొడక్షన్ లో బగ్ తో కుస్తీ పట్టిన మనలాంటి వాళ్ళకి ఈ కథ భలే దగ్గరగా అనిపిస్తుంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ లో మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఒక రోగికి ఈథర్ ఆవిరి పీల్పించాడు, సర్జను నొప్పి తెలియకుండా కణితి కోశాడు. అంతకు ముందు ఆపరేషన్ అంటే నలుగురు మనుషులు గట్టిగా పట్టుకోవడం, సర్జను వీలైనంత వేగంగా కోసెయ్యడం. మరుసటి ఏడాది నవంబరులో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే ప్రసూతి వైద్యుడు క్లోరోఫాం వాడడం మొదలెట్టాడు. ఈథర్ కంటే ఇది తొందరగా పని చేస్తుంది, వాసన తియ్యగా ఉంటుంది, అంటుకోదు. మన దేశానికి ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఈథర్ 35 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. అంటే మే నెలలో హైదరాబాదులో సీసా మూత తీస్తే అది రోగి ముక్కులోకంటే ముందు గాల్లోకి పోతుంది :) క్లోరోఫాం అయితే 61 డిగ్రీల దాకా ఆగుతుంది. అందుకే ఇండియాలో క్లోరోఫాందే రాజ్యం అయింది.

కానీ చావులు మొదలయ్యాయి. 1848 జనవరి 28న ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయికి కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. కొన్ని నిమిషాల్లో చనిపోయింది. కాలి గోరు! ప్రాణం మీదికొచ్చిన జబ్బు కూడా కాదు. ఆ తర్వాత ఇలాంటివి వస్తూనే ఉన్నాయి. ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, చిన్న ఆపరేషన్లు, మత్తు ఇవ్వడం మొదలెట్టిన కాసేపటికే. ఈ వివరాన్ని గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఎందుకు చనిపోతున్నారు అన్నదాని మీద రెండు పార్టీలు తయారయ్యాయి. లండన్ వైపు వాళ్ళు, ముఖ్యంగా జాన్ స్నో, క్లోరోఫాం గుండెని ఆపగలదు, గాలిలో ఎంత శాతం ఉందో కొలిచి ఇవ్వాలి, నాడి చూస్తూ ఉండాలి అన్నారు. (కలరాకీ నీటి పంపుకీ సంబంధం చూపించిన స్నో ఈయనే.) ఎడిన్‌బరో వైపు వాళ్ళు, ముఖ్యంగా జేమ్స్ సైమ్ అనే సర్జను, గుండెకేం కాదు, ముందు ఆగేది ఊపిరే, కాబట్టి ఊపిరి ఒక్కటే చూడండి, నాడి పట్టుకుని కూర్చుంటే ఊపిరి సంగతి మర్చిపోతారు అన్నాడు. ఇద్దరూ పెద్దవాళ్ళే, ఇద్దరి దగ్గరా అనుభవం ఉంది. మధ్యలో పోతున్నది రోగులు.

ఇక హైదరాబాదుకొద్దాం. సైమ్ శిష్యుడు ఎడ్వర్డ్ లారీ 1885లో ఇక్కడికి రెసిడెన్సీ సర్జన్ గా వచ్చాడు. హైదరాబాద్ మెడికల్ స్కూల్ కి కూడా ఆయనే పెద్ద. ఆ స్కూలే తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. బ్రిటిష్ రెసిడెన్సీ అంటే కోఠీలోని ఆ పెద్ద స్తంభాల భవనం, తర్వాత ఉమెన్స్ కాలేజీ అయింది, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. లారీ గురువు మాటని వేదంలా నమ్మిన మనిషి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో వేల మందికి క్లోరోఫాం ఇప్పించాడు, గురువు పద్ధతిలోనే, ఊపిరి మాత్రమే చూస్తూ. మా దగ్గర చావుల్లేవు, మీ దగ్గరెందుకు ఉన్నాయి అని ఇంగ్లండు వాళ్ళని సూటిగా అడిగాడు. అక్కడి వేడి వల్లేమో, అక్కడి మనుషుల శరీరతత్వం వల్లేమో అనే జవాబులు కూడా వచ్చాయి. "మా మెషీన్ లో పని చేస్తోంది" అని మనం అంటే "నీ మెషీన్ వేరు" అని క్లయింటు అన్నట్టు.

నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. వందకు పైగా కుక్కలకి క్లోరోఫాం ఇచ్చి చంపి చూశారు. ప్రతిసారీ ముందు ఊపిరి ఆగింది, తర్వాతే గుండె ఆగింది అని రిపోర్టు రాశారు. లండన్ లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పటికే గ్లాస్గోలో ఒక కమిటీ క్లోరోఫాం రక్తపోటుని పడగొడుతుందని, గుండెని దెబ్బ తీస్తుందని చెప్పి ఉంది మరి.

ఇక్కడ లారీ చేసిన పని నాకు నచ్చింది. తిట్టుకుంటూ కూర్చోలేదు. మీకు నమ్మకం లేకపోతే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అన్నాడు. లాన్సెట్ ఎంచుకున్న మనిషి కోసం నిజాం ప్రభుత్వం 1000 పౌన్లు ఇచ్చింది. లాన్సెట్ పంపింది మామూలు వాణ్ణి కాదు. లాడర్ బ్రంటన్, మందుల శాస్త్రంలో అప్పటికి పెద్ద పేరు, గుండె నొప్పికి అమైల్ నైట్రైట్ పనికొస్తుందని 1867లోనే చూపించినవాడు. క్లోరోఫాం గుండెకి ప్రమాదమని నమ్మే పక్షం నించి వచ్చాడు.

1889 అక్టోబరు నించి డిసెంబరు దాకా పని నడిచింది. లారీ, బ్రంటన్, బామ్‌ఫర్డ్, డాక్టర్ రుస్తుంజీ సభ్యులు. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు, గుర్రాలు కూడా... నాలుగు వందల పైచిలుకు జంతువులు. చాలా వాటికి రక్తనాళంలో గొట్టం పెట్టి, మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద రక్తపోటుని గీతలుగా రికార్డు చేశారు. ఇప్పుడు చదువుతుంటే ఆ జంతువుల సంఖ్య దగ్గర కడుపులో తిప్పుతుంది. కానీ ఆ కాలానికి అది చిన్నా చితకా పని కాదు. కొలత, రికార్డు, ఫోటో అన్నీ ఉన్నాయి. డిసెంబరులో బ్రంటన్ లండన్ కి టెలిగ్రాం కొట్టాడు. సారాంశం ఏమిటంటే, ప్రమాదం ఊపిరాడకపోవడం వల్లో మోతాదు మించడం వల్లో వస్తుంది, క్లోరోఫాం నేరుగా గుండెని చంపదు. అంటే ఎదుటి పార్టీ మనిషి వచ్చి చూసి లారీ వైపుకి మారిపోయాడన్నమాట. 1890లో లాన్సెట్ రిపోర్టుని అచ్చేసింది. మత్తు ఇచ్చేవాడు ఊపిరినే చూడాలి, నాడి మీద ధ్యాస పెట్టొద్దు అన్నది అందులోని ముఖ్యమైన సలహా.

ఇది మన ఊరి విజయం అని ఇక్కడితో ఆపేస్తే బాగుంటుంది. వాట్సప్ లో తిరిగే చరిత్ర అయితే ఇక్కడే ఆగిపోతుంది కూడా. కానీ కథ ఆగలేదు.

1893లో కేంబ్రిడ్జ్ లో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు ఒక చిత్రమైన ప్రయోగం చేశారు. ఒక జంతువు రక్తం ఇంకో జంతువు మెదడుకి వెళ్ళేలా కలిపారు. అప్పుడు క్లోరోఫాం మెదడుకి చేరినప్పుడు ఏమవుతుందో, గుండెకి చేరినప్పుడు ఏమవుతుందో విడివిడిగా చూడొచ్చు. రక్తపోటు పడిపోవడానికి ముఖ్య కారణం క్లోరోఫాం గుండె మీద నేరుగా పని చెయ్యడమే అని తేలింది. తర్వాత 1911లో గుడ్‌మన్ లెవీ అసలు గుట్టు విప్పాడు. పిల్లులకి క్లోరోఫాం తక్కువ మోతాదులో ఇచ్చి, ఆ స్థితిలో అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె కింది గదులు ఒక్కసారిగా గజిబిజిగా వణకడం మొదలెట్టాయి. దీన్నే ఫిబ్రిలేషన్ అంటారు. గుండె కొట్టుకోదు, వణుకుతుంది. రక్తం కదలదు. ప్రాణి పోతుంది. ఎక్కువ మోతాదులో స్థిరంగా మత్తులో ఉంచితే అది జరగలేదు!

ఇప్పుడు హన్నా గ్రీనర్ ని గుర్తు తెచ్చుకోండి. చిన్న ఆపరేషన్, మత్తు పూర్తిగా ఎక్కలేదు, భయంతో ఒంట్లో అడ్రినలిన్ ఉరకలేస్తోంది. ఆమె ఎలా పోయిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. కానీ అలాంటి చావులకి లెవీ చూపించిన దారి అతికినట్టు సరిపోతుంది. హైదరాబాదులో చేసిందేమో ఎక్కువగా దీనికి తిరగేసిన పని. క్లోరోఫాం ఆపకుండా ఇస్తూ పోయారు, మోతాదు మించి జంతువు చచ్చేదాకా. అలా చేస్తే ఊపిరే ముందు ఆగుతుంది. వాళ్ళు చూసింది నిజమే, రాసిందీ నిజమే. రోగులు చచ్చిపోతున్న పరిస్థితిని మాత్రం వాళ్ళు సృష్టించలేదు.

మన భాషలో చెప్పాలంటే వందల టెస్ట్ కేసులూ పాసయ్యాయి, బగ్ మాత్రం రీప్రొడ్యూస్ కాలేదు. రీప్రొడ్యూస్ కాలేదు అని రాయాల్సిన చోట బగ్ లేదు అని రాసి టికెట్ క్లోజ్ చేశారు. నాలుగు వందల కేసుల బదులు నాలుగు వేలు చేసినా ఫలితం మారేది కాదు, ఎందుకంటే అన్నీ దాదాపు ఒకే దారిలో నడిచిన కేసులు. టెస్టుల సంఖ్య చూసి ధైర్యం తెచ్చుకునే అలవాటు మనకీ ఉంది కదా, అందుకే నాకిది గుచ్చుకుంది. మనకి సర్వర్ పడితే రాత్రి నిద్ర పోతుంది. అక్కడ, నాడి చూడక్కర్లేదన్న ధైర్యంతో మత్తు ఇచ్చినవాళ్ళ చేతుల్లో మనుషులు ఉన్నారు.

అలాగని లారీని మూర్ఖుడు అని కొట్టిపారెయ్యడం అన్యాయం. మొండివాడు, అది నిజం. లావరాన్ కనిపెట్టిన మలేరియా క్రిమిని కూడా ఆయన ఒప్పుకోలేదు. అదీ, సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897లో దోమ పొట్టలో ఆ క్రిమిని పట్టుకున్న కాలంలో! కానీ ఊపిరి దారి తెరిచి ఉంచు, దవడ ముందుకి లాగు, ఊపిరి మీద నించి కన్ను తియ్యకు అని ఆయన నేర్పింది ఇవాల్టికీ మత్తు వైద్యంలో మొదటి పాఠమే. ఆయన హయాంలోనే హైదరాబాద్ మెడికల్ స్కూల్ లో ఆడపిల్లలు చేరారు. వాళ్ళలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ అమ్మాయి 1889లో చదువు ముగించి ఇక్కడి ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చే డాక్టరయింది. ప్రపంచంలో మొదటి మహిళా అనస్థటిస్టు ఈమే అని చెబుతారు. 1909లో ఎడిన్‌బరో కూడా వెళ్ళి చదువుకుని వచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ పేరు చూసినట్టు నాకు గుర్తు లేదు. లారీ పేరు కంటే ముందు గుర్తు పెట్టుకోవాల్సిన పేరు ఇది అని నా అభిప్రాయం.

సరే, ఈ గొడవంతా చదివాక నాకొక సందేహం వచ్చింది. ఒకడు గుండె అంటాడు, ఒకడు ఊపిరి అంటాడు. కానీ క్లోరోఫాం ఇచ్చేది దేనికి? మెదడుని పడుకోబెట్టడానికి. మరి మెదడుని ఎవరూ ఎందుకు చూడలేదు?

చూసే పరికరం లేక. 1875లోనే లివర్‌పూల్ లో రిచర్డ్ కేటన్ కుందేళ్ళ, కోతుల మెదడు మీద తీగలు పెట్టి సన్నటి కరెంటు పుడుతోందని చూపించాడు. అంటే హైదరాబాదు కమిషన్ కంటే 13 ఏళ్ళ ముందు. కానీ దాన్ని మనిషి తల మీద పెట్టి కొలవడానికి 1924 దాకా ఆగాల్సి వచ్చింది. జర్మనీలో హాన్స్ బెర్గర్ ఆ పని చేసి 1929లో ప్రకటించాడు. అదే ఈఈజీ. తర్వాత క్లోరోఫాం ఇచ్చినప్పుడు ఆ గీతలు ఎలా మారతాయో కూడా చూశాడు. 1937లో అమెరికాలో గిబ్స్ దంపతులు, లెనాక్స్ కలిసి, ఆపరేషన్ లో మత్తు ఎంత లోతుగా ఉందో ఈఈజీతో కనిపెట్టొచ్చు అని రాశారు.

ఆ గీతలు చెప్పేదేమిటో టూకీగా చెప్తాను. మెలకువగా కళ్ళు మూసుకుని ఉంటే తల వెనక భాగంలో సెకనుకి 8 నించి 13 సార్లు ఊగే ఆల్ఫా అలలు ఉంటాయి. ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్ లాంటి ఇప్పటి మత్తు వాయువులు పీలిస్తే ఆ లయ తల ముందు భాగానికి మారుతుంది, దానికి తోడు నెమ్మదైన పెద్ద అలలు వస్తాయి. ఇంకా మత్తు పెంచితే కాసేపు నిశ్శబ్దం, కాసేపు ఒక్కసారిగా గీతల గుంపు, మళ్ళీ నిశ్శబ్దం. ఇంకా పెంచితే పూర్తిగా చదునైన గీత. మనిషి బతికే ఉంటాడు, మత్తు దిగితే గీతలు తిరిగొస్తాయి.

ఇక మెదడు తిండి సంగతి. ఒంటి బరువులో మెదడు 2 శాతమే, కానీ విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్ళు వాడే ఆక్సిజన్ లో 20 శాతం దానికే. ఈ లెక్క మనిషిలో మొదటిసారి సరిగ్గా తేల్చింది 1940లలో కెటీ, ష్మిట్. ఎలా తేల్చారో తెలుసా? మనుషులకి కొంచెం నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి, అది మెదడులోకి వెళ్ళే రక్తంలో ఎంతుంది, బయటికొచ్చే రక్తంలో ఎంతుంది అని చూసి. మత్తు వాయువే కొలబద్ద అయిందన్నమాట! 100 గ్రాముల మెదడుకి నిమిషానికి దాదాపు 3.3 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అని లెక్క తేలింది.

మత్తులో ఈ ఖర్చు తగ్గుతుంది. 1990లలో అమెరికాలో ఆల్కైర్ బృందం కొద్దిమంది వాలంటీర్లకి స్పృహ పోయేదాకా మత్తు ఇచ్చి పెట్ స్కాన్ తీస్తే, మెదడు వాడే గ్లూకోజు హాలోథేన్ తో 40 శాతం, ఐసోఫ్లూరేన్ తో 46 శాతం దాకా పడిపోయింది. మోతాదు పెంచుతూ పోతే ఇంకా పడాలి కదా? ఈఈజీ చదునయ్యేదాకా పడుతుంది, తర్వాత ఆగిపోతుంది. ఎందుకంటే మెదడు ఖర్చులో సగానికి పైగా విద్యుత్ సంకేతాల కోసం, మిగతాది కణాలు బతికి ఉండడం కోసం. వాయువు మొదటిదాన్నే ఆపగలదు. సర్వర్ కి ట్రాఫిక్ సున్నా అయినా కరెంటు తాగుతూనే ఉంటుంది చూడండి, అలాగ. ఆ మిగతాది కూడా తగ్గించాలంటే ఒళ్ళు చల్లబరచాల్సిందే. కొన్ని గుండె ఆపరేషన్లలో అదే చేస్తారు.

ఇంకో తిరకాసు ఉంది. మామూలుగా మెదడు పని తగ్గితే రక్తప్రవాహం కూడా తగ్గుతుంది. కానీ ఈ వాయువులు రక్తనాళాల్ని వెడల్పు చేస్తాయి. మోతాదు పెరిగే కొద్దీ పని తక్కువ, రక్తం ఎక్కువ అయి కూర్చుంటుంది. తలలో గడ్డ ఉండి, పుర్రెలో ఒత్తిడి పెరిగినవాళ్ళకి ఇది ప్రమాదం. అందుకే మెదడు ఆపరేషన్లలో వాయువుని అదుపులో వాడతారు, లేదంటే నరం ద్వారా ఇచ్చే మందులు వాడతారు.

మా ఊరు నారాయణఖేడ్. నిజాం కాలంలో బీదర్ జిల్లా, 1956 తర్వాత మెదక్, 2016 నించి సంగారెడ్డి. కొంచెం పెద్ద ఆపరేషన్ అయితే మావాళ్ళు బీదర్ కో హైదరాబాదుకో పోతారు. మా నాయినకి గాల్ బ్లాడర్ లో రాళ్ళు తీయించినప్పుడు మా అవ్వ సర్జను పేరు అడగలేదు. "మత్తు ఇస్తరట గదా బిడ్డా, మల్ల లేస్తడా?" అని ఒకటే అడిగింది. ఆ మత్తు డాక్టరమ్మ ముందు రోజే వచ్చి నాయిన పక్కన కూర్చుంది. బీడీలు ఎన్ని తాగుతావు, పండ్లు ఏమన్నా కదులుతున్నాయా, ఆఖరిసారి ఏం తిన్నావు అని ఓపిగ్గా అడిగి రాసుకుంది. అవ్వ అడిగింది నేను అడిగితే నవ్వలేదు. "ఆపరేషన్ అయ్యేదాకా నేను లేచి బయటికి పోను, మీ అవ్వకి చెప్పండి" అంది. బిల్లులో ఆమె పేరు చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంది.

ఆమె చూసే మానిటర్ మీద గుండె గీత, రక్తపోటు, వేలికి పెట్టిన క్లిప్పు చెప్పే ఆక్సిజన్, వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడు అన్నీ పక్కపక్కనే కదులుతాయి. స్నో, సైమ్ ఇద్దరూ ఒకే తెర మీద రాజీ పడ్డారన్నమాట. కొన్ని చోట్ల నుదుటి మీద స్టిక్కరు పెట్టి ఈఈజీని 0 నించి 100 మధ్య ఒక అంకెగా చూపించే బిస్ మానిటర్ కూడా ఉంటుంది. అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. 40 నించి 60 మధ్య ఉంటే మత్తు సరిగ్గా ఉందని లెక్క.

మరి ఆ అంకెని నమ్మొచ్చా? చూడండి, పాత గొడవే మళ్ళీ. 2004లో వచ్చిన బి-అవేర్ అనే పెద్ద అధ్యయనం, బిస్ వాడితే ఆపరేషన్ మధ్యలో మెలకువ వచ్చిన కేసులు బాగా తగ్గాయంది. 2008లో దాదాపు 2000 మందితో చేసిన బి-అన్‌అవేర్, వదిలే గాలిలో మత్తు వాయువు ఎంతుందో అలారం పెట్టి చూసుకున్నా ఫలితం అంతే అంది, రెండు వైపులా ఇద్దరిద్దరికి మెలకువ వచ్చింది. 2011లో 6000 మందితో చేసినదీ బిస్ మెరుగని చూపించలేకపోయింది. పైగా నైట్రస్ ఆక్సైడ్, కెటమిన్ లాంటివి ఇస్తే మనిషి మత్తులో ఉన్నా ఆ అంకె సరిగ్గా దిగదు. ఎందుకంటే ఆ మందులు మెదడు అలల్ని వేరే రకంగా మారుస్తాయి. కొన్ని మందుల కోసం తయారైన కొలబద్దని అన్ని మందులకీ పెడితే అంతే.

2008 అధ్యయనం చేసినవాళ్ళు లారీ కంటే తెలివైనవాళ్ళని నేననను. వాళ్ళ ప్రశ్న వేరుగా ఉంది. మా పద్ధతి పని చేస్తోందా అని అడగలేదు, పక్క పద్ధతితో పోలిస్తే తేడా ఏమన్నా ఉందా అని అడిగారు. అదీ నిజంగా ఆపరేషన్ కొచ్చిన మనుషుల్లో, నిజంగా మత్తు ఇచ్చే పద్ధతిలో. లారీ, బ్రంటన్ మూడు నెలల్లో నాలుగు వందల జంతువుల మీద అడగనిది అదే.

ఈసారి ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ పడితే సర్జన్ ఎవరు అని అందరం కనుక్కుంటాం కదా, మత్తు డాక్టరు ఎవరో కూడా కనుక్కోండి. ముందు రోజు ఆ డాక్టరుతో పది నిమిషాలు మాట్లాడండి. వాడుతున్న మందులు, పాత ఆపరేషన్లు, బీడీ, మందు అలవాట్లు ఏవీ దాచకుండా చెప్పండి. మా నాయిన బీడీల లెక్క సగమే చెప్పబోయాడు. అమ్మ పక్క నించి సరిదిద్దింది :)